నాలుగు కిలోల దారం, తొమ్మిది కిలోల బొచ్చె

చేప నీళ్లలో ఉన్నంతసేపు దానికి బరువంటూ దాదాపు ఏమీ ఉండదు. దాని కడుపులో గాలితిత్తి ఉంటుంది. దాన్ని కాస్త నింపుకుంటూ, కాస్త ఖాళీ చేసుకుంటూ తనకు నచ్చిన లోతులో నిలబడుతుంది. మునగదు, తేలదు. ఈ సంగతి చెబితే మా షాపుకు వచ్చేవాళ్లు తలాడిస్తారు గానీ నమ్మరు. గోడ మీదున్న బొచ్చె చేప ఫొటో చూస్తారు, పక్కనే మేకుకు చుట్టిపెట్టిన దారం ముక్కను వేళ్లతో నలిపి చూస్తారు. "నాలుగు కిలోలకు తెగే దారంతో తొమ్మిది కిలోల చేప ఎలా వచ్చింది?" అని అడుగుతారు. ఒకాయన అయితే "జాకెట్టు కొలతలు తప్పినట్టే చేప కొలత కూడా తప్పిందేమో చూసుకో" అని నవ్వాడు. వాళ్లింటి బట్టలన్నీ నా దగ్గరే కుట్టిస్తారు కాబట్టి ఊరుకున్నాను.

నేను నల్లగొండలో టైలర్‌ని. గడియారం సెంటర్‌కు దగ్గరలో ఒక సందులో చిన్న షాపు. బతుకమ్మ, దసరా రోజుల్లో తల ఎత్తే తీరిక ఉండదు. మాఘమాసం వచ్చిందంటే పెళ్లిళ్ల జాకెట్లు. ఈ రెండింటి మధ్య, ముఖ్యంగా సంక్రాంతి అయిపోయాక కొన్నాళ్లు, మిషన్ కాస్త ఊపిరి తీసుకుంటుంది. అప్పుడు తెల్లవారకముందే గాలం పట్టుకుని పానగల్లు చెరువు కట్ట మీదకు వెళ్తాను. రోజంతా దారంతో పని చేసి, దొరికిన కాస్త తీరికలో కూడా మళ్లీ దారమే పట్టుకుంటానని మా ఆవిడ ఎత్తిపొడుస్తుంది. అందులో అబద్ధం లేదు.

కుట్టు మిషన్ నడిపినవాళ్లకు సన్నదారంతో పెద్ద చేపను పట్టడం గురించి సగం పాఠం ముందే తెలుసు. మిషన్ ముఖం మీద రెండు చిన్న గుండ్రటి పళ్లేలుంటాయి. దారం వాటి మధ్యలోంచి సూదికి వెళ్తుంది. స్క్రూ బిగిస్తే పళ్లేలు దారాన్ని గట్టిగా నొక్కుతాయి, వదులు చేస్తే వదులుతాయి. కొత్తగా పనికి వచ్చిన కుర్రాడు దారం పదేపదే తెగుతుంటే దారం మంచిది కాదని రీలు మారుస్తాడు. అనుభవమున్నవాడు స్క్రూ మీద చెయ్యి వేస్తాడు. గాలం రీలులో డ్రాగ్ అనేది అచ్చం ఇదే. దారం చుట్టి ఉండే చుట్టకూ దాని ఇరుసుకూ మధ్య కొన్ని వాషర్లుంటాయి. వాటిని ఎంత బిగిస్తే అంత బలం దాటాకే చేప దారం లాక్కోగలదు. కిలో దగ్గర వదిలేలా పెట్టామనుకుందాం. చేప పది కిలోల బలంతో దూకినా సరే, చుట్ట తిరిగి దారం ఇచ్చేస్తుంది కాబట్టి దారం మీద పడేది ఆ కిలో, దానికి కాస్త అటూ ఇటూ. కాబట్టి చేప ఎంత లాగుతుందో లెక్క వేసుకుని బెంగపడాల్సిన పని లేదు. మనం ఎంత ఆపుతున్నామో అదే లెక్క.

దారం తెగే బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా డ్రాగ్ పెట్టుకోవాలని ఈ పని తెలిసినవాళ్లందరూ చెబుతారు. నేను నాలుగో వంతు వైపే ఉంటాను. డబ్బా మీద నాలుగు కిలోలని రాసి ఉంటే చేతికొచ్చేది నాలుగు కిలోలు కాదు. నైలాన్ నీళ్లు పీలుస్తుంది. తడిశాక దాని బలంలో పది పదిహేను శాతం పోతుంది. ముడి వేసిన చోట ఇంకొంత పోతుంది. ఎండలో ఏడాది పడి ఉన్న దారమైతే ఇక చెప్పక్కర్లేదు. నేను కొత్త దారం తెచ్చిన రోజే ఒక మూర కోసి బకెట్ నీళ్లలో రాత్రంతా నానబెడతాను. పొద్దున దానికి నేను వాడే ముడే వేసి, కొక్కెం త్రాసుకు తగిలించి తెగేదాకా లాగుతాను. తెగిన చోట ముల్లు ఎంత చూపిస్తే నాకు అదే ఆ దారం బలం. డబ్బా మీది అంకె డబ్బాకే. ఒకసారి ఆరు కిలోలని రాసి ఉన్న దారం మూడున్నర కూడా దాటలేదు. ఇంకొకటి నాలుగు కిలోలని రాసి ఉండి ఐదున్నర దాకా నిలిచింది. రెండూ మన బజారులో కొన్నవే. సరదాకి మా షాపు కుట్టు దారాన్ని కూడా లాగి చూశాను, కిలో దగ్గరే తెగింది.

డ్రాగ్‌ను కొలిచే పద్ధతిలో కూడా ఒక మెలిక ఉంది. రీలు దగ్గర దారం పట్టుకుని చేత్తో లాగి చూసి "సరిపోయింది" అనుకుంటే చాలదు. గాలం కర్ర వంగినప్పుడు దారం దాని మీది ప్రతి రింగు దగ్గరా ఒరుసుకుంటుంది. ఆ ఒరిపిడి కూడా డ్రాగ్‌కు కలుస్తుంది. అందుకే దారాన్ని రింగులన్నిటి గుండా తీసి, చివర త్రాసు కట్టి, కర్రను చేప ఉన్నప్పుడు వంచినట్టే వంచి, ఎవరినైనా త్రాసు పట్టుకుని వెనక్కి నడవమనాలి. మా చిన్నమ్మాయి ఈ పని బాగా చేస్తుంది. ముల్లు తొమ్మిది వందల గ్రాముల దగ్గర ఊగుతూ చుట్ట తడబడకుండా తిరిగితే చాలు. తడబాటు ఉంటే మాత్రం వాషర్లు విప్పి తుడవాల్సిందే. చుట్ట ఒక క్షణం పట్టేసి ఆ తర్వాత వదిలితే ఆ క్షణంలోనే దారం తెగుతుంది.

దారం ఎందుకు సన్నగా ఉండాలన్నది అసలు ప్రశ్న. పదిహేను కిలోల దారం బజారులో దొరుకుతుంది కదా, దాన్ని కట్టుకుంటే ఈ లెక్కలన్నీ ఎందుకు అంటారు. ఈ పంతం నాది కాదు, బొచ్చెది.

బొచ్చె పైనీళ్ల చేప. నోరు పైకి తిరిగి ఉంటుంది, కింది దవడ ముందుకు పొడుచుకు వస్తుంది, మీసాలుండవు. రవ్వ నడిమి నీళ్లలో మేస్తుంది, ఎర్రమోసు అడుగున బురదలో వెతుక్కుంటుంది. ఈ మూడింటినీ ఒకే చెరువులో వేయడానికి కారణం అదే, ఒకదాని తిండి ఇంకొకటి లాక్కోదు. బొచ్చెకు ఇష్టమైన తిండి నీళ్లలో తేలే కంటికి ఆనని సూక్ష్మజీవులు. వాటిని అది కొరకదు, నోరు తెరిచి నీళ్లతో పాటు లోపలికి పీల్చుకుని వడగట్టుకుంటుంది. మన ఎరను కూడా అలాగే పీలుస్తుంది. అంటే ఎర నీటితో పాటు కదలాలి. దారం బిరుసుగా ఉంటే కదలదు. నీళ్లు నోట్లోకి పోతాయి, ఎర వెనకబడుతుంది, చేప పక్కకు తప్పుకుంటుంది.

ఇక్కడ కొంచెం లెక్క ఉంది, విసుగనిపిస్తే ఈ పేరా వదిలేయండి. దారం బలం దాని మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పావు మిల్లీమీటరు దారం బదులు 0.35 మిల్లీమీటర్ల దారం తీసుకుంటే బలం దాదాపు రెట్టింపు అవుతుంది. కానీ బిరుసుదనం మందం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది, అంటే దాదాపు నాలుగు రెట్లు. బలం రెండింతలు కొనుక్కోవడానికి వంగే గుణాన్ని నాలుగింతలు అమ్ముకుంటున్నాం. చలికాలంలో కట్టకు దగ్గరగా నీళ్లు తేటపడ్డప్పుడు ఆ తేడా నీళ్ల మీద తేలే బెండు మీద స్పష్టంగా కనిపిస్తుంది. మందపాటి దారం మీద బెండు వణికి ఊరుకుంటుంది, సన్నదాని మీద లేచి నడుస్తుంది.

ఈ నీళ్లు ఎక్కడివో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పానగల్లు ఒకప్పుడు కందూరు చోడుల రాజధాని. ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం అక్కడే ఉన్నాయి. పానగల్లు చెరువు, అంటే ఉదయ సముద్రం, ఆ కాలం నాటిదే. ఇప్పుడు అది ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు కింద ఒకటిన్నర టీఎంసీల జలాశయం. నాగార్జునసాగర్ వెనక నీటిని పుట్టంగండి దగ్గర పంపులతో ఎత్తి అక్కంపల్లికి పంపుతారు, అక్కడి నుంచి కాలువ మీద ఇక్కడికి వస్తుంది. అంటే నేను గాలం వేసేది కృష్ణ నీళ్లలోనే, నది మాత్రం ఎక్కడో దూరంగా ఉంది.

చేపలు మాత్రం నది నుంచి వచ్చినవి కావు. బొచ్చె, రవ్వ, ఎర్రమోసు వానాకాలపు వరద నీళ్లలోనే ఈనుతాయి, నిలవ నీళ్ల చెరువులో ఈనవు. అందుకే పూర్వం నదుల్లో గుడ్లూ పిల్లలూ ఏరి తెచ్చి చెరువుల్లో పోసేవారు. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి బృందం పీయూష గ్రంథి రసం సూదిమందుగా ఇచ్చి ఈ జాతి చేపలను ఈనించింది. ఆ రోజునే ఇప్పుడు జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. మన రాష్ట్రంలో 2016-17 నుంచి చెరువులకు ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలు ఇస్తోంది. వాటిని పెంచి పట్టుకునే హక్కు మత్స్య సహకార సంఘాలది. కాబట్టి కట్ట మీద నిలబడి గాలం వేసేవాడు ముందుగా సంఘం వాళ్లను అడగాలి. చేప పడితే తూకం వేయించి డబ్బు ఇవ్వాలి. చాలామంది సరదా గాలగాళ్లు ఈ మాట ఎత్తగానే ముఖం తిప్పుకుంటారు. చెరువు అందరిదీ అంటారు. చెరువు అందరిదీ కావచ్చు, చేప మాత్రం కాదు.

నా దారం చూసి మొదట నవ్వింది కూడా సంఘంలో ఒక పెద్దాయనే. పుట్టి మీద వల వేయడంలో ఆయన్ను మించినవాడు అక్కడ లేడని అందరూ అంటారు. నేను మామా అని పిలుస్తాను. "ఈ దారంతో గుండీలు కుట్టుకో బిడ్డా, చేపల సంగతి మాకు వదిలెయ్" అన్నాడు. వాళ్ల నాన్న కాలంలో జనుము నార పేనేవాళ్లట. దానికి బలం కావాలంటే మందంగా పేనడం ఒక్కటే దారి. నైలాన్‌ను 1935లో అమెరికాలో వాలెస్ కారొదర్స్ బృందం తయారు చేసింది. అది బజారులోకి రాగానే ఆడవాళ్ల మేజోళ్లలోకీ గాలం దారంలోకీ దూరింది. అదే నైలాన్ ఇప్పుడు మామ వలలోనూ ఉంది. ఆయన దాన్ని తన చేతిలో ఉన్నంతసేపు నమ్ముతాడు, నా చేతిలో చూస్తేనే నమ్మడు.

ఇక ఆ బొచ్చె సంగతి.

వేయించిన తవుడు, పల్లి చెక్క పొడి, కాస్త బెల్లం కలిపి ముద్దలు చేసి ముందు రోజు సాయంత్రమే ఒకే చోట వేశాను. మన దగ్గర చాలామంది పిండి ముద్ద చుట్టూ నాలుగైదు హుక్కులు గుచ్చి వేస్తారు. దాంతో చేప పడుతుంది, నిజమే. కానీ ఒక హుక్కు నోట్లో పడితే మిగతావి మొప్పలోనో పొట్టలోనో దిగుతాయి, సన్నదారం వాటిలో ఏదో ఒకదానికి ఒరుసుకుని తెగుతుంది. నేను బెండు కింద ఒకే హుక్కు వాడతాను. సన్నటి తీగతో చేసిన చిన్నది, రాయి మీద నూరి పదును పెట్టినది. నాలుగు కిలోల దారంతో గట్టిగా గుంజి హుక్కు దింపడం కుదరదు. హుక్కు తనంతట తాను దిగేంత పదును ఉండాలి, కర్ర కాస్త ఎత్తితే సరిపోవాలి.

పొగమంచు విడుస్తుండగా బెండు ఒక్కసారి పైకి లేచి అడ్డంగా పడింది. కర్ర ఎత్తాను. మొదట ఏమీ జరగలేదు. పెద్ద చేపకు తన నోట్లో ఏదో తప్పుగా ఉందని అర్థం కావడానికి కాస్త సమయం పడుతుంది. ఆ తర్వాత చుట్ట కూత పెట్టింది.

ఆ మొదటి పరుగులో చేయవలసిన పని ఏమీ చేయకుండా ఉండటమే. చెయ్యి స్క్రూ మీదకు పోతుంది, పోనివ్వకూడదు. అరవై, డెబ్బై మీటర్ల దారం పోయింది. అప్పుడు మాత్రం స్క్రూ ముట్టుకున్నాను, అదీ వదులు చేయడానికి. పక్కన నిలబడ్డ మామ "బిగించు, బిగించు" అంటున్నాడు. వినలేదు. దారం పోయేకొద్దీ చుట్ట సన్నబడుతుంది. బిగింపు మారకపోయినా సన్నటి చుట్టను తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. చుట్ట అడ్డకొలత సగమైతే కావలసిన బలం రెట్టింపు అవుతుంది. దానికి తోడు అంత పొడుగు దారాన్ని నీళ్లలో అడ్డంగా ఈడ్చుకుపోవడం కూడా చేపకు ఒక భారమే, దారానికీ భారమే. బయటి మనిషికి చేప పారిపోతుంటే నేను తలుపులు తీస్తున్నట్టు కనిపిస్తుంది గానీ, అక్కడ నేను చేసిందల్లా దారం మీద మళ్లీ అదే తొమ్మిది వందల గ్రాములు ఉండేలా చూడటం.

ఇందులో నైలాన్ సాయం కూడా ఉంది. మంచి నైలాన్ తెగేలోపు తన పొడుగులో ఐదో వంతుకు పైగా సాగుతుంది. చేప తల విదిలించినప్పుడు ఆ కుదుపును డెబ్బై మీటర్ల సాగుడు మింగేస్తుంది. ఈ మధ్య అందరూ వాడుతున్న అల్లిన దారం, బ్రెయిడ్ అంటారు, అదే మందానికి ఎంతో బలంగా ఉంటుంది. కానీ సాగదు. రాయికి ఒరిస్తే నిమిషం ఆగదు. కట్ట పొడుగునా రాళ్లు పేర్చిన చెరువులో నాకు సాగే దారమే నయం. కర్ర కూడా పొడుగ్గా, మెత్తగా వంగేదే.

పరుగు ఆగాక అసలు పని మొదలైంది. కర్రను నిటారుగా పైకెత్తి పట్టుకుంటే చేప తల పైకి లేస్తుంది తప్ప దారి మళ్లదు. కర్రను పక్కకు, నీటికి దగ్గరగా దించి అడ్డంగా లాగితే తల పక్కకు తిరుగుతుంది. తల తిరిగిన వైపే ఒళ్లంతా తిరగాలి. అది కుడికి పోతుంటే ఎడమకు, ఎడమకు మళ్లగానే కుడికి. ప్రతిసారీ దానికి ఊపు పోతుంది, మళ్లీ కూడగట్టుకోవాలి. చేపను అలసటకు గురిచేసేది ఇదే, మన భుజబలం కాదు. ఊరికే ఒకే వైపు లాగుతూ కూర్చుంటే చేప కూడా ఆనుకుని విశ్రాంతి తీసుకుంటుంది.

ఒకసారి తూము వైపు తిరిగింది. తూము దగ్గర ఇనుప ఊచలున్నాయి, అక్కడికి చేరితే కథ ముగిసినట్టే. ఆపలేను. ఆపితే దారం పోతుంది. అందుకని కట్ట మీద దానికంటే ముందు నేనే తూము దాకా నడిచి అవతలి వైపు నుంచి పట్టాను. చేపకు ఎప్పుడూ మనం లాగే దిక్కుకు ఎదురుగా పోవాలనే ఉంటుంది. తూము వైపు నుంచి లాగగానే తూముకు దూరంగా పరుగెత్తింది. మామ అప్పుడే నోరు మూసుకుని నా సంచి పట్టుకుని వెంట నడవడం మొదలుపెట్టాడు. సన్నదారంతో గాలం వేసేవాడికి కర్ర కంటే కాళ్లు ముఖ్యం. కదలడానికి చోటు లేని గట్టు మీద నేను అసలు కూర్చోను.

ముప్పావు గంట దాకా సాగి ఉంటుంది. బొచ్చె పైకి వచ్చి ఒక పక్కకు ఒరిగింది. ఎక్కువ దారాలు తెగేది ఇక్కడే, ఒడ్డుకు రెండు గజాల్లో. దారం తక్కువ మిగిలింది కాబట్టి సాగుడు ఉండదు. చేప మనిషిని చూసి చివరిసారి తోక కొడుతుంది. నేను డ్రాగ్ ఇంకొంచెం వదులు చేసి, కావాలంటే వేలితో చుట్టను ఒత్తుతూ ఉన్నాను. వేలు అయితే క్షణంలో తీసేయవచ్చు, స్క్రూ తిప్పడానికి టైము చాలదు. చేతి వలను ముందే నీళ్లలో ముంచి ఉంచి, చేపను దాని మీదకు తలవైపు నుంచి నడిపించాలి. వలతో చేపను తరమకూడదు, వెనకనుంచి తోక వైపు అసలే పెట్టకూడదు. తోక తగిలితే ముందుకు దూకుతుంది.

మామ వంగి దారం పట్టుకుని పైకి లాగబోయాడు. అప్పుడు మాత్రం అరిచాను. నీళ్లలో ఉన్నంతసేపే దానికి బరువు లేదు. సగం ఒళ్లు గాల్లోకి వస్తే సగం బరువు, మొత్తం వస్తే మొత్తం తొమ్మిది కిలోలు ఆ దారం మీద వేలాడతాయి. అంతసేపు కాపాడుకొచ్చిన దారం ఒక్క జానెడు ఎత్తుకు పటుక్కుమంటుంది. వల రెండు చేతులతో ఎత్తాం. సంఘం త్రాసు మీద తొమ్మిది కిలోల పైన కాస్త మొగ్గు చూపింది. సంఘం ధరకు డబ్బు కట్టి, తలకాయ మామకు ఇచ్చాను. పులుసు ఆయన ఇంట్లో చేసినంత బాగా మా ఇంట్లో కుదరదు, ఈ మాట మా ఆవిడ చదవదని ధైర్యం.

దారం చివరి రెండు గజాలు కోసి సంచిలో వేసుకున్నాను. గోడ మీద మేకుకు ఉన్నది అదే. కంటికి బాగానే ఉంటుంది గానీ వేలి గోటి మీదుగా లాగితే గరుకు తెలుస్తుంది. చేప ఒంటికి, రాళ్లకు రాసుకున్న దారాన్ని మళ్లీ నమ్మకూడదు. కోసిన ముక్కలను గట్టు మీద పారేయడం మాత్రం పాపం. కొంగల కాళ్లకు చుట్టుకుని ఉండగా చూశాను. షాపులో చిరుగు గుడ్డల సంచి ఉంది, అందులోకే వెళ్తాయి.

ముడి గురించి ఒక్క మాట. బిగించే ముందు ఉమ్మితోనో నీళ్లతోనో తడపాలి. పొడిగా లాగితే ఒరిపిడి వేడికి నైలాన్ అక్కడే మెత్తబడి చచ్చుబడుతుంది. టైలర్లకు దారం నోట్లో పెట్టుకునే అలవాటు ఎలాగూ ఉంటుంది.

అన్ని చోట్లా ఇది పనికి రాదు. కొర్రమీను కోసం తామరాకుల్లోకో తుంగలోకో గాలం వేస్తే బలమైన అల్లిన దారమే కట్టాలి. మన రాష్ట్ర చేప అది, మర్యాద ఇవ్వాలి. పడ్డ క్షణంలో వేర్లలోకి దూరుతుంది, దానికి దారం ఇవ్వడమంటే దానికే అప్పగించడం. వాలుగకు పళ్లున్నాయి, నైలాన్ కొరికేస్తుంది. సాగర్ వెనక నీళ్లలో బండరాళ్లు, మునిగిన చెట్ల మొద్దులు. కొల్లాపూర్ వైపు సోమశిల దగ్గర కృష్ణలో వలలూ తాళ్లూ ఎక్కడ ఉన్నాయో పుట్టి నడిపేవాళ్లకే తెలియాలి. అటువంటి చోట సన్నదారం వేస్తే చేప మూతిలో హుక్కు, వెంట యాభై మీటర్ల దారం ఈడ్చుకుంటూ పోతుంది. అది ఆట అనిపించుకోదు.

ఎండాకాలంలో కూడా కర్ర తీయను. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువగా ఉంటుంది. ముప్పావు గంట పెనుగులాడిన చేప కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోతుంది. వదిలేసినా తేరుకోదు, మర్నాడు తేలుతుంది. తినడానికి పట్టుకుంటే అది వేరే సంగతి. పట్టి వదిలేస్తామని గొప్పగా చెప్పుకునేవాళ్లు మాత్రం మే నెలలో రెండు కిలోల దారం కట్టుకోకపోతే మంచిది.

ఈ మాట రాయడానికి కారణం ఉంది. ఈ మధ్య ఒక కుర్రాడు ప్యాంటు కురచ చేయించుకోవడానికి వచ్చి ఫొటో చూసి గంటసేపు కూర్చున్నాడు. ఫోనులో అంతా చదివాడు. 1939లో పుట్టిన అంతర్జాతీయ గాలం వేట సంఘం ఒకటుంది, రికార్డులను దారం బలం తరగతుల వారీగా రాసుకుంటుంది: ఒక కిలో, రెండు, మూడు, నాలుగు, ఆరు, అలా పైకి. దారాన్ని తడిపి పరీక్షిస్తారు, ఆ ఒక్క సంగతికే నాకు ఆ సంఘం మీద గౌరవం. దారం బలానికి ఐదు రెట్లు, పది రెట్లు, ఇరవై రెట్ల దాకా బరువున్న చేపను పట్టినవాళ్లకు విడివిడిగా గుర్తింపు కూడా ఉంది. నా బొచ్చెకు వేసుకుంటే రెండుంపావు రెట్లు. కుర్రాడికి అది చాలలేదు. ఒక కిలో దారంతో పది కిలోల బొచ్చెను పట్టాలట, పానగల్లులోనే.

కుదరదని అనలేదు. కుదురుతుంది. డ్రాగ్ పావు కిలో దగ్గర పెట్టుకుని పొద్దంతా కట్ట చుట్టూ తిరిగితే ఎప్పుడో ఒకసారి కుదురుతుంది. ఆ లోపు ఎన్ని చేపలు హుక్కుతో సహా పోతాయో, పట్టుకున్నది ఎంత నలిగి వస్తుందో నాకు తెలుసు. ఆ చేపలకు సొమ్ము పెట్టి పెంచినవాళ్లు కట్ట మీదే నిలబడి చూస్తుంటారు. మూడు కిలోల దారంతో రవ్వ కోసం వస్తానంటే నా పక్కన కూర్చోనిస్తానన్నాను, అదీ సంఘం వాళ్లను అడిగాక. కాసేపు బేరమాడాడు, రెండు కిలోలకు దిగమన్నాడు. దిగలేదు. ఆదివారం వస్తానన్నాడు. కొక్కెం త్రాసు, తడిపిన దారం ముక్క తెచ్చుకొమ్మని చెప్పాను. ప్యాంటు అప్పటికి సిద్ధంగా ఉంటుంది.